మొదటి చెక్క పడవ నమూనా: తప్పు జరిగే చోటు, బయటపడే చోటు

నా మొదటి చెక్క పడవ నమూనాకు పదకొండో బద్ద అతికించిన మర్నాడు పొద్దున చూస్తే, ముక్కు దగ్గర ఆ బద్ద కొస, లోపల పక్కటెముకలా నిలిచే అడ్డపలకను వదిలి బియ్యపు గింజ మందాన పైకి లేచి ఉంది. జిగురు చాలలేదనుకుని మరికాస్త పెట్టి, గుండుసూది గుచ్చి, బట్టల క్లిప్పు బిగించాను. మరుసటి రోజుకు అది మళ్ళీ లేచింది, దాని పక్కన ఉన్నది కూడా లేచింది. నాలుగు రోజులు జిగురుతో కుస్తీ పట్టిన తరువాత గానీ అసలు సంగతి తెలియలేదు. లోపం జిగురులో లేదు, బద్దలోనూ లేదు. రెండు వారాల కిందట అడ్డపలకల అంచులను సరిగా అరగదీయకుండానే బద్దలు వేయడం మొదలుపెట్టినప్పుడే ఆ తప్పు జరిగిపోయింది.

చెక్క పడవ నమూనా చేసేవారికి మొదట్లో ఎదురయ్యే ఇబ్బందులు దాదాపు అన్నీ ఇలాంటివే. తప్పు ఒక దశలో జరుగుతుంది, రెండు మూడు దశలు దాటాక మరో చోట బయటపడుతుంది. బయటపడిన చోటనే దాన్ని సరిచేయబోతే పని రెట్టింపవుతుందే తప్ప లోపం పోదు. అందువల్ల ఈ వ్యాసంలో ప్రతి చిక్కునూ అది పుట్టిన చోటికి తీసుకువెళ్లి చూపించి, ముందే ఎలా తప్పించుకోవాలో, తప్పించుకోలేకపోతే ఉన్నదాన్ని ఎలా దక్కించుకోవాలో చెబుతాను.

నేను ఉదాహరణగా తీసుకుంటున్నది 1:25 స్కేలులో చేసిన ఒంటి తెరచాప చేపల పడవ. నమూనా పొడవు 38 సెంటీమీటర్లు, అంటే అసలు పడవ తొమ్మిదిన్నర మీటర్లు ఉంటుందన్నమాట. అడుగున ముక్కు నుంచి వెనక దాకా 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో కోసిన వెన్నుపలక ఒకటి, దానికి అడ్డంగా గాళ్లలో దిగే అడ్డపలకలు ఏడు, వాటిపై 5 మిల్లీమీటర్ల వెడల్పు, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం ఉన్న బాస్‌వుడ్ బద్దలు ఉంటాయి. పెట్టెలో వచ్చే కిట్లలో ఎక్కువ భాగం ఈ పద్ధతిలోనే ఉంటాయి. సొంతంగా కోసుకునేవారు వడ్రంగి దగ్గర టేకు బద్దలు చీల్పించుకోవచ్చు. అయితే టేకు బిరుసు కాబట్టి మందం ఒక మిల్లీమీటరు మించకుండా చూసుకోవాలి. బాల్సా అనే తేలికైన చెక్క సులువుగా దొరుకుతుంది కదా అని బద్దలకు దాన్ని వాడితే వేలు నొక్కిన చోటల్లా గుంట పడుతుంది. లోపల ఖాళీలు నింపే దిమ్మెలకు మాత్రం బాల్సా చాలా మంచిది.

పడవ ఎంపికలోనే చాలామంది మొదటి దెబ్బ తింటారు. 1765లో నీటిలోకి దిగిన బ్రిటిష్ యుద్ధనౌక విక్టరీ పెట్టె మీద బొమ్మ చూసి మనసు పారేసుకోవడం సహజమే. కానీ దానికి 104 ఫిరంగులు, మూడు స్తంభాలు, లెక్కకు మిక్కిలి తాళ్లు ఉంటాయి. బద్ద వంచడం ఇంకా తెలియని చేతికి అది ఏళ్ల తరబడి సాగే పని, మధ్యలో ఆగిపోయే పని కూడా. ఒక స్తంభం, ఒక తెరచాప, ఏడెనిమిది అడ్డపలకలు ఉన్న పడవను ఎంచుకుంటే ప్రతి దశా ఒకసారి చేతిలోంచి వెళ్తుంది, ఏ తప్పు ఎక్కడ బయటపడుతుందో రెండు మూడు నెలల్లోనే తెలిసిపోతుంది.

వెన్నుపలక, అడ్డపలకలు

మన తీరంలో ఒకప్పుడు అలలను దాటడానికి వాడిన మాసుల పడవకు లోపల పక్కటెముకలు ఉండేవి కావు. పలకలను కొబ్బరి పీచు తాడుతో ఒకదానికొకటి కుట్టేవారు, అలల తాకిడికి పడవ ఒళ్లు కాస్త వంగి మళ్ళీ నిలదొక్కుకునేది. మనం చేసే నమూనా సంగతి ఇందుకు పూర్తిగా వేరు. దీని ఆకారమంతా లోపలి అడ్డపలకలు ఇచ్చేదే. వాటిలో వెంట్రుకవాసి తేడా ఉన్నా బద్దలు దాన్ని దాచవు, ఇంకా ఎత్తి చూపిస్తాయి.

వెన్నుపలకను పెట్టెలోంచి తీయగానే అద్దం పలక మీద పరిచి చూడాలి. నాది మధ్యలో ఒకటిన్నర మిల్లీమీటర్లు పైకి లేచి ఉంటే, అడ్డపలకలు దిగాక అదే సర్దుకుంటుందని అనుకున్నాను. అది సర్దుకోలేదు. వంగిన ప్లైవుడ్‌ను నిటారు చేయడం పెద్ద పనేమీ కాదు. లోపలికి గుంటగా ఉన్న వైపు తడిగుడ్డతో పలుచగా తుడిస్తే ఆ వైపు చెక్క ఉబ్బి పలక చదునుకు వస్తుంది. అప్పుడు దాన్ని రెండు అద్దం పలకల మధ్య పెట్టి, పైన లావుపాటి పుస్తకాలు పేర్చి రెండు రోజులు కదపకుండా ఉంచాలి.

అడ్డపలకలు గాళ్లలోకి బిగుతుగా దిగుతుంటే సుత్తితో తట్టకూడదు. ఏడు చోట్ల బిగుతుగా ఉన్న గాళ్లు కలిసి వెన్నును వంచేస్తాయి. వేలితో నొక్కితే దిగి, తలకిందులు చేసినా జారిపోనంత వదులు ఉండేలా గాడిని ఆకురాయితో రాయాలి. మరీ వదులైతే సన్నని కాగితం ముక్క అతికించాలి. జిగురు పెట్టకుండా ఏడింటినీ ఒకసారి దించి, ప్రతి దానికీ మూలమట్టం ఆనించి చూసి, ముక్కు నుంచి వెనక కొస దాకా నల్లదారం బిగించి కట్టాలి. అడ్డపలకల నడిమి గుర్తులన్నీ ఆ దారం కిందకే రావాలి. ఏ ఒక్కటి పక్కకు జరిగినా అప్పుడే సరిచేసి, ఆ తరువాతే జిగురు పెట్టాలి. ఆ దారాన్ని విప్పి పారేయకండి, బద్దలు వేసేటప్పుడు దానితో ఇంకా పెద్ద పని ఉంది.

అంచులకు వాలు తీయడం

ఈ దశను నేను మొదటిసారి అరగంటలో ముగించాను. రెండో పడవకు మూడు సాయంత్రాలు పట్టింది. ఈ వ్యాసంలో ఒక్క భాగమే గుర్తు పెట్టుకోగలననుకునేవారు దీన్ని గుర్తు పెట్టుకుంటే చాలు.

పడవ నడుము నుంచి ముక్కు వైపు పోతున్న కొద్దీ సన్నబడుతుంది. అడ్డపలక అంచు మాత్రం యంత్రం కోసినట్టే నిటారుగా ఉంటుంది. అందువల్ల ముక్కు దగ్గర వంగి వచ్చే బద్ద ఆ అంచు మీద పూర్తిగా ఆనదు, ముందువైపు మూల మీద మాత్రమే ఆనుతుంది. అంటే 4 మిల్లీమీటర్ల వెడల్పున పట్టుకోవలసిన జిగురు కత్తివాదరంత గీత మీద నిలబడాలి. నా పదకొండో బద్ద లేచిపోయింది అందుకే. నడుముకు ముందున్న అడ్డపలకలకు ముందువైపు మూలను, నడుముకు వెనక ఉన్నవాటికి వెనకవైపు మూలను, బద్ద వచ్చే వంపును బట్టి ఏటవాలుగా అరగదీయాలి. నడుము దగ్గరిదానికి దాదాపు ఏమీ అక్కర్లేదు, రెండు కొసల్లో ఉన్నవాటికి చాలా తీయాలి.

ఎంత తీయాలో చెప్పే గుర్తు ఒకటి అడ్డపలక మీదే ఉంటుంది. లేజర్‌తో కోసిన ప్లైవుడ్ అంచు కాలి గోధుమరంగులో ఉంటుంది. అరగదీస్తూ పోతే ఆ మాడిన రంగు మూల నుంచి లోపలికి తగ్గుతూ వస్తుంది. ముక్కు వైపు పలకల్లో వెనక అంచున, వెనక వైపు పలకల్లో ముందు అంచున సన్నని గోధుమ గీత ఇంకా మిగిలి ఉండగానే ఆపాలి. ఆ గీత కూడా పోయిందంటే పలక అసలు కొలత తగ్గిపోయినట్టే. చేత్తో కోసుకున్న పలకలైతే ఆ అంచున పెన్సిల్ గీత గీసుకుంటే సరిపోతుంది. మాడిన పొర మీద జిగురు అంత గట్టిగా పట్టదు కనుక దాన్ని తీసేయడం వల్ల అతుకు కూడా బలపడుతుంది.

దీనికి ఉప్పు కాగితాన్ని వేళ్లతో పట్టుకుని రుద్దకూడదు. 20 సెంటీమీటర్ల పొడవు, రెండు సెంటీమీటర్ల వెడల్పు ఉండి కాస్త వంగే సన్న చెక్కకు 120 నంబరు కాగితం అతికించి, ఒకేసారి మూడు నాలుగు అడ్డపలకల మీద సాగేలా రుద్దాలి. పొట్టి దిమ్మెతో రుద్దితే ఒక్కో పలక ఒక్కో లోతుకు అరిగి, బద్దలు వేశాక పడవ పక్కలు అలలు అలలుగా కనబడతాయి. మధ్యమధ్య ఒక బద్దను ముక్కు నుంచి వెనక దాకా చేత్తో ఆనించి పట్టుకుని, దీపం వెలుతురుకు ఎదురుగా చూడాలి. బద్దకూ పలకకూ మధ్య వెలుతురు ఎక్కడా కనిపించకూడదు. పైన, మధ్యన, అడుగున మూడు చోట్ల ఈ పరీక్ష చేయాలి.

ఒక పలక ఎక్కువ అరిగిపోతే కంగారు పడనవసరం లేదు. ప్లైవుడ్ దుకాణంలో దొరికే పలుచని టేకు పొరను, అంటే వినీర్‌ను సన్నగా కోసి ఆ అంచుకు అతికించి, ఆరాక మళ్ళీ వాలు తీస్తే అది కొత్త అంచులా పనిచేస్తుంది. ముక్కుకూ మొదటి అడ్డపలకకూ మధ్య ఖాళీని బాల్సా దిమ్మెలతో నింపి, వాటినీ అదే వంపుకు అరగదీస్తే, బద్దలు ఎక్కువగా వంగే చోట వాటికి పట్టు బాగా దొరుకుతుంది.

బద్దలు వేయడం

ఒక నీళ్ల కడవ, రెండు వేళ్ల వెడల్పున కత్తిరించిన కాగితం పట్టీ తీసుకుని, పట్టీని కడవ పొట్ట నుంచి మెడ వైపుగా ఏటవాలుగా చుట్టి చూడండి. పట్టీ తనకు నచ్చిన దారిన పోతుందే తప్ప మనం గీసిన గీత వెంట పోదు. బలవంతంగా గీత మీదకు తెస్తే ఒక అంచు ముడుచుకుంటుంది, రెండో అంచు పైకి లేస్తుంది. చెక్క బద్ద తీరూ ఇదే. వెడల్పు వైపు సులువుగా వంగుతుంది, అంచు వైపు వంగదు. ముక్కు దగ్గర బద్దలు ఒకదాని మీదకొకటి మెట్లలా ఎక్కుతున్నాయంటే, అంచు వైపు వంగమని దాన్ని బలవంతపెడుతున్నామని అర్థం. దానికి మందు ఇంకా గట్టి క్లిప్పు కాదు, బద్ద వెడల్పు తగ్గించడం.

ఎంత తగ్గించాలో ముందే లెక్క కట్టుకోవచ్చు. నడుము అడ్డపలక మీద పై అంచు నుంచి వెన్ను దాకా కాగితం పట్టీ ఆనించి కొలిస్తే నా పడవకు 85 మిల్లీమీటర్లు వచ్చింది. 5 మిల్లీమీటర్ల బద్దలు అక్కడ సరిగ్గా 17 పడతాయి. ముక్కు దగ్గర అదే కొలత 51 మిల్లీమీటర్లే. ఆ 17 బద్దలే అక్కడా ఇమడాలంటే ఒక్కొక్కటి 3 మిల్లీమీటర్లకు సన్నబడాలి. వెనక కొస దగ్గర కొలత 95 మిల్లీమీటర్లు. 17 బద్దలు కలిసినా 85 మాత్రమే కనుక 10 మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుంది. దాన్ని రెండు త్రికోణపు ముక్కలతో నింపాలి. ఈ మూడు కొలతలూ తీసుకోకుండా పెట్టెలో వచ్చిన బద్దలను వచ్చినట్టే అతికించుకుంటూ పోయినందువల్ల నా మొదటి పడవలో ముక్కు దగ్గర బద్దలు గుంపుగా పేరుకున్నాయి, వెనక వేలు దూరేంత సందు మిగిలింది.

ప్రతి అడ్డపలక మీదా ఈ 17 భాగాలను గుర్తు పెట్టడానికి మంచి ఉపాయం ఉంది. మిల్లీమీటరు గ్రాఫ్ కాగితం మీద 2 మిల్లీమీటర్లకొకటి చొప్పున 18 గీతలు దిద్దుకోవాలి. అడ్డపలక చుట్టుకొలతకు కత్తిరించిన కాగితం పట్టీని, దాని ఒక కొస మొదటి గీత మీద, రెండో కొస పద్దెనిమిదో గీత మీద పడేలా ఏటవాలుగా పరచి, గీతలు దాటే చోటల్లా పెన్సిల్‌తో గుర్తు పెడితే, పట్టీ ఎంత పొడవున్నా 17 సమభాగాలు వచ్చేస్తాయి. ఆ గుర్తులను తిరిగి అడ్డపలక అంచు మీదకు ఎక్కించాలి. భాగం బద్ద వెడల్పు కన్నా పెద్దదిగా వచ్చిన వెనక కొసలో మాత్రం, రెండు త్రికోణపు ముక్కలకు చోటు విడిచి మిగతాది పంచుకోవాలి. బద్ద కొసను ఎప్పుడూ అసలు వెడల్పులో సగం కన్నా సన్నగా చేయకూడదు. 5 మిల్లీమీటర్ల బద్దకు హద్దు రెండున్నర. అంతకన్నా తక్కువ కావలసి వస్తే రెండు బద్దలను కలిపి ఒకదానిలో ముగించాలి. సూదిలా చెక్కిన కొస గుండుసూదికీ నిలవదు, జిగురుకూ నిలవదు.

బద్ద విరగడం మరో సాధారణమైన ఇబ్బంది. విరిగిన ముక్కను పక్క నుంచి చూడండి. నార గీతలు బద్ద పొడవునా సాగకుండా రెండు మూడు సెంటీమీటర్లలోనే అంచు దాటి బయటకు పోతుంటే, దాన్ని ఎంత నానబెట్టినా వంపు దగ్గర విరగక మానదు. నేను కొన్న పెట్టెలో మూడో వంతు బద్దలు అలాంటివే. మొదట్లో తెలియక వాటిని కూడా ముక్కు దగ్గరే వాడి ఆరేడు విరగ్గొట్టాను. పని మొదలుపెట్టకముందే బద్దలన్నిటినీ ఒక్కొక్కటిగా వెలుతురులో చూసి, నార సూటిగా ఉన్నవాటిని ఎక్కువ వంపు ఉన్న చోట్లకు, మిగిలినవాటిని త్రికోణపు ముక్కలకు, చిన్న చిన్న సామానుకు విడగొట్టుకోవాలి.

నానబెట్టడంలో జరిగే తప్పు నెలల తరువాత బయటపడుతుంది. చెక్క తడిసినప్పుడు పొడవున దాదాపు పెరగదు, అడ్డంగా మాత్రం ఉబ్బుతుంది. తడిగా ఉన్న బద్దను అలాగే పక్క బద్దకు ఆనించి అతికిస్తే, ఆరాక అది కుంచించుకుపోయి ప్రతి అతుకు దగ్గరా సందు పడుతుంది. నిజమైన చెక్క పడవలో పలకల సందుల్లో దూది కుక్కుతారు, నీటిలోకి దింపాక చెక్క ఉబ్బి సందులు బిగుసుకుంటాయి. మన నమూనా జీవితమంతా అలమరలోనే ఉంటుంది కనుక పడిన సందు పడినట్టే ఉంటుంది. కాబట్టి బద్దను వేడినీళ్లలో అరగంట ఉంచి, తీసి, జిగురు లేకుండా దాని చోటులోనే వంచి, క్లిప్పులు పెట్టి రాత్రంతా ఆరనివ్వాలి. పొద్దున క్లిప్పు తీస్తే వంపు చాలావరకు అలాగే నిలిచి ఉంటుంది. అప్పుడు జిగురు పెట్టాలి. ముక్కు దగ్గర ఎక్కువ వంపు కావాలంటే, తడి బద్దను ఇస్త్రీ పెట్టె అంచుకు ఆనించి మెల్లగా లాగితే ఆవిరికి నార మెత్తబడి ఒదుగుతుంది. ఆ ఆవిరి వేళ్లను కాలుస్తుంది కాబట్టి మందపాటి గుడ్డతో పట్టుకోవాలి.

ఇక ఈ దశలో అన్నిటికన్నా పెద్ద తప్పు, ఒక పక్క పూర్తి చేసి రెండో పక్కకు వెళ్లడం. వంచి అతికించిన ప్రతి బద్దా విల్లులా పడవను తనవైపు లాగుతుంది. నేను ఎడమ పక్క తొమ్మిది బద్దలు వేశాక అనుమానం వచ్చి మళ్ళీ దారం కట్టి చూస్తే, నడుము దగ్గర అడ్డపలక నడిమి గుర్తు దారానికి నాలుగు మిల్లీమీటర్లు పక్కన ఉంది. పడవ అరటికాయలా వంగిపోయింది. ఎడమన ఒకటి వేస్తే కుడిన ఒకటి వేయాలి, రెండు బద్దలకొకసారి దారం కట్టి చూడాలి. మొదటి బద్ద పై అంచు వెంట, రెండోది దాని కింద, అలా మూడు నాలుగు వేశాక వెన్నును ఆనుకుని ఒక బద్ద వేసి, ఇక పై నుంచీ కింది నుంచీ మధ్యలోకి వస్తే చివరి బద్దను కొలతకు చెక్కడం సులువవుతుంది.

వంగిన ఆ పడవను నేను దక్కించుకోగలిగాను. అది జిగురు చలవే.

జిగురు

మామూలు తెల్ల ఫెవికాల్‌కు నీరు పడదు. మొదట్లో దాన్ని లోపమనుకుని, నీటికి తట్టుకునే మెరైన్ రకం కొనబోయాను. అలమరలో పెట్టే నమూనాకు ఆ గుణం అక్కర్లేదు సరికదా, నేర్చుకునేవారికి అదే అడ్డంకి అవుతుంది. మామూలు ఫెవికాల్‌తో వేసిన అతుకు మీద వేడినీటిలో ముంచి పిండిన గుడ్డను ఇరవై నిమిషాలు కప్పి ఉంచితే జిగురు పాలలా తెల్లబడి మెత్తనవుతుంది, పలుచని బ్లేడును మెల్లగా దూరిస్తే బద్ద విరగకుండా ఊడి వస్తుంది. తొమ్మిదిలో ఆరు బద్దలను అలాగే విప్పి, వెన్నును ఆరబెట్టి, దారం కింద సరిచేసి మళ్ళీ వేశాను. తప్పు దిద్దుకునే వీలున్న జిగురు మొదటి పడవకు గొప్ప వరం.

ఫెవిక్విక్ వంటి చురుకు జిగురుకు వేరే పని ఉంది. ముక్కు దగ్గర క్లిప్పు నిలవని చోట ఒక చుక్క వేసి, మిగతా పొడవంతా ఫెవికాల్ పెడితే, ఆ చుక్క క్లిప్పు పని చేస్తుంది. బద్ద మొత్తానికీ దాన్నే వాడితే మూడు నష్టాలున్నాయి. సరిచేసుకునే వ్యవధి ఇవ్వదు. ఇంకిన చోట చెక్కకు రంగు పట్టదు. మా కాకినాడ వంటి తేమ ఊళ్లలో చుట్టూ తెల్లని బూజు లాంటి పొర కడుతుంది. ఒలికిన జిగురును నూలు గుడ్డతోనో దూదితోనో తుడవకూడదు, నూలు తగిలితే అది చుర్రుమని వేడెక్కి చెయ్యి కాలుతుంది. గట్టిపడ్డ తరువాత తీయాలంటే అసిటోన్ కావాలి. గోళ్ల రంగు తీసే ద్రవాల్లో అసిటోన్ లేనివీ ఉంటాయి కనుక సీసా మీద చూసి కొనాలి.

బద్దల సందుల్లోంచి పైకి ఉబికిన ఫెవికాల్‌ను అప్పటికప్పుడు తడిగుడ్డతో తుడిచేయాలి. ఆరితే గాజులా కనిపించకుండా పోయి, వార్నిష్ వేసిన రోజున పాలిపోయిన మచ్చగా బయటపడుతుంది. తప్పు జరిగిన చోటికీ బయటపడే చోటికీ దూరం ఎక్కువగా ఉండేది దీనిలోనే.

నునుపు చేయడం, రంగు

బద్దలన్నీ పడ్డాక పడవ గరుకుగా, మెట్లు మెట్లుగా ఉంటుంది. 120 నంబరుతో మొదలుపెట్టి 180, 240, 320 వరకు పోవాలి. ఇక్కడి ప్రమాదం ఎత్తుగా ఉన్న బద్దను పక్కవాటికి సమం చేయబోయి పలుచన చేయడం. బద్ద మందం ఒకటిన్నర మిల్లీమీటర్లే. పడవ పైభాగాన్ని కప్పే డెక్ వేయకముందే, చీకటి గదిలో ఫోను టార్చిని పడవ లోపల పెట్టి చూస్తే, పలుచబడిన చోటు ఎర్రగా వెలుగుతుంది. అలాంటి చోట లోపలి వైపు నుంచి పాత పంచె గుడ్డ ముక్కను ఫెవికాల్‌లో ముంచి అతికిస్తే, ఆరాక అది గట్టి పొరలా నిలుస్తుంది. ఆ తరువాత పై వైపు నిశ్చింతగా రుద్దుకోవచ్చు.

సందులు పూడ్చడానికి రంపపు పొట్టును ఫెవికాల్‌లో కలిపి వాడమని చాలామంది చెబుతారు. పైన రంగు పూసే పడవకు అది బాగానే పనిచేస్తుంది. చెక్క రంగు కనిపించేలా వార్నిష్ వేసే పడవకు మాత్రం పనికిరాదు, ఆ గీతలు చెక్క కన్నా నల్లగా తేలతాయి. అదే చెక్కలోంచి సన్నని పేడు చెక్కి సందులో దూర్చి, ఆరాక సమంగా కోయడమే దానికి దారి. రంగు వేయడానికి ముందు పడవనంతా తడిగుడ్డతో ఒకసారి తుడవాలి. జిగురు మచ్చ ఉన్న చోట చెక్క తడిసినట్టు ముదురుగా మారదు. వాటిని అప్పుడే పెన్సిల్‌తో చుట్టి, చెక్క ఆరాక గోకి తీసేయాలి.

అసలు పడవలో డెక్ బద్దల సందులు పూడ్చే తారు గీతలను నమూనాలో చూపడానికి అంచుకు మెత్తని పెన్సిల్ రుద్దితే సరిపోతుంది. నల్ల మార్కరుతో గీస్తే వార్నిష్ తగలగానే సిరా చెక్క నారలోకి పాకుతుంది. పడవ ఎంతవరకు నీటిలో మునుగుతుందో చూపే నీటి గీతకు అంటించే టేపు కింద రంగు పాకకుండా ఉండాలంటే, ముందు టేపు అంచు మీద పాత రంగునే ఒక పూత వేసి, అది ఆరాక కొత్త రంగు వేయాలి. పాకేదేదైనా ఉంటే ఆ పాత రంగే పాకి సందు మూసేస్తుంది.

స్తంభం, తాళ్లు

ఒంటి స్తంభపు పడవలో ఇది తొందరగా ముగిసే పని, చిక్కులు కూడా తక్కువే. దారానికి ఉండే నూగును తేనెమైనం ముద్ద మీదుగా రెండుసార్లు లాగి అణచాలి, లేకపోతే ఆ నూగు 1:25 స్కేలులో తాడుకు వెంట్రుకలు మొలిచినట్టు కనిపిస్తుంది. స్తంభాన్ని పక్కల నుంచి పట్టి ఉంచే తాళ్లను ఎడమన ఒకటి, కుడిన ఒకటి చొప్పున కడుతూ రావాలి. ఒక పక్కవన్నీ ముందే బిగిస్తే స్తంభం అటు వాలుతుంది, రెండో పక్క ఎంత లాగినా వంపు వస్తుందే తప్ప నిటారుగా నిలవదు. దారాన్ని తీగలా బిగించవలసిన పని లేదు, సోలకుండా ఉంటే చాలు.

పూర్తయిన పడవను కిటికీ ఎండ, ఏసీ గాలి నేరుగా తగలని చోట పెట్టుకోవాలి, వీలైతే గాజు పెట్టెలో ఉంచాలి. ఎంత జాగ్రత్తగా చేసినా మొదటి ఎండాకాలంలో, ముఖ్యంగా రోహిణి కార్తె రోజుల్లో, ఒకటి రెండు అతుకుల దగ్గర వెంట్రుకంత సందు కనిపించవచ్చు. వెంటనే గట్టి లప్పంతో పూడ్చకండి. వానలు పడి గాలిలో తేమ చేరాక చెక్క మళ్ళీ ఉబ్బుతుంది. అప్పటికి సందులో గట్టి పదార్థం ఉంటే బద్దలు దాన్ని నెట్టి పక్క అతుకును పగలగొడతాయి. శ్రావణం దాకా ఆగి చూసి, అప్పటికీ మూసుకోని సందు ఉంటే, చెక్క రంగు కలిపిన తేనెమైనాన్ని వేలితో రుద్ది, మిగిలినదాన్ని పొడిగుడ్డతో తుడిచేయండి.